ఎడమ చెక్క

ఆస్పత్రి ముందున్న పచ్చికకు ఆ ఉదయం మెట్లు పడ్డాయి. గడ్డి కోసే చిన్న ట్రాక్టరు తిరిగిన చాళ్లన్నీ వరసగా కనిపిస్తున్నాయి. ప్రతి చాలులోనూ ఒక అంచున గడ్డి పొట్టిగా తెగి, రెండో అంచున పొడుగ్గా మిగిలింది. వంగి చూస్తే తేడా బలపం మందం కంటే ఉండదు. కాని పొద్దుటి ఏటవాలు ఎండకు ఆ బలపం మందమే మెట్టంత నీడ వేస్తుంది. కునుకుతూ క్షవరం చేసేవాడికి తల అప్పగించి వచ్చిన మనిషి నెత్తిలా ఉంది ఆ పచ్చిక.

సూపర్‌వైజరు వరండా మెట్ల మీద నిలబడి మాలీలందరినీ పిలిపించాడు. తిట్టవలసింది ఒక్క మనిషిని. నలుగురి ముందు తిట్టకపోతే ఆ తిట్టు వృథా అయిపోతుందని ఆయన నమ్మకం. పొదుపరి మనిషి మరి.

"ఇది కొయ్యడమా, కొరకడమా? మేకని తోలినా ఇంతకంటే సాపుగా మేస్తుంది," అన్నాడు.

డ్రైవరమ్మ ట్రాక్టరు పక్కన నిలబడి, చేతిలో ఉన్న గుడ్డతో బానెట్టు మీద లేని దుమ్ము తుడుస్తోంది. ఆ పిలుపు ఆమెకు పాతదే. మొగుడు ఆ బండి నడిపినన్నాళ్లూ డ్రైవరు పెళ్లాం కనుక డ్రైవరమ్మ. ఎండాకాలం చివర్లో ఒక తెల్లవారుజామున అతను గుండె ఆగి పోయాక, ఆస్పత్రివాళ్లు జాలిపడి అదే బండి మీద ఆమెను కూర్చోబెట్టారు కనుక ఇప్పుడూ డ్రైవరమ్మే. బండిని షెడ్డులోంచి బయటికి తియ్యడం, కడిగి మళ్లీ లోపల పెట్టడం అతను బతికుండగా సరదాకి నేర్పాడు. సరదాకి నేర్చుకున్న పని ఇప్పుడు కూడు పెడుతోంది.

బండి ఎడమవైపు ఎత్తుగా పోతోందనీ, బండిలోనే ఏదో తేడా ఉందనీ ఆమె మెల్లిగా చెప్పబోయింది.

"ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట," అన్నాడు సూపర్‌వైజరు.

మాలీలు నవ్వారు. వాళ్లకు ఆమె మీద కోపమేమీ లేదు. పైవాడు సామెత చెప్పినప్పుడు నవ్వకపోతే రేపు అది తమ మీదికి తిరుగుతుందని నవ్వారు. ఆ సంగతి తెలిసినా ఆమెకు చెవులు వేడెక్కాయి. ఇదే బండి, ఇదే నేల, ఇదే గడ్డి. ఆమె మొగుడు కోస్తే తివాచీ పరిచినట్టుండేదని సూపర్‌వైజరు అంటే ఒకరిద్దరు మాలీలు నిజమేనన్నట్టు తలలూపారు. అది నవ్వు కంటే ఎక్కువ నొప్పెట్టింది, ఎందుకంటే అది నిజమే.

నవ్వు సద్దుమణిగాక సూపర్‌వైజరు అసలు సంగతి చెప్పాడు. సోమవారం కమిటీ పెద్దలు ఆస్పత్రి చూడటానికి వస్తున్నారు. ఈలోపు ఏదో ఒకటి తేలాలి. బండి పాడైందంటే దాన్ని పాత ఇనుము కింద తోసేసి గడ్డికోత కాంట్రాక్టుకు ఇస్తారు. కాంట్రాక్టరు ఇప్పటికే వచ్చి నేల కొలుచుకుని పోయాడు. బండి బాగానే ఉందంటే లోపం నడిపే మనిషిది. ఆ మనిషిని దుప్పట్లు ఉతికే గదికి పంపుతారు. డ్రైవరుకైతే ఆస్పత్రి వెనక ఒక గదీ, వంటిల్లూ ఇస్తారు. ఉతికేవాళ్లకు ఇవ్వరు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. బండి చెడిందన్నా ఇల్లు పోతుంది, చెడలేదన్నా ఇల్లు పోతుంది. తనొక్కతే అయితే ఏ పంచన పడుకున్నా తెల్లారుతుంది. ముసలి అత్తను వెంటబెట్టుకుని ఏ పంచకు పోతుంది?

*

ఫిట్టరు మధ్యాహ్నం వచ్చాడు. ఆ ఆస్పత్రిలో కుళాయి కారినా, మంచం చక్రం ఊడినా, ట్రాక్టరు మొరాయించినా ఆయనే దిక్కు. డ్రైవరుకు ప్రాణస్నేహితుడు. మాట్లాడుకోకుండా ఎంతసేపైనా పక్కపక్కన కూర్చోగలిగినంత స్నేహం వాళ్లది. డ్రైవరమ్మను చెల్లెమ్మా అంటాడు, ఆమె అన్నయ్యా అంటుంది.

ట్రాక్టరును షెడ్డులో సిమెంటు గచ్చు మీదికి తెప్పించాడు. గచ్చు సమంగా లేకపోతే ఎంత కొలిచినా గాలికి పోయినట్టే. ముందు నాలుగు టైర్లలో గాలి చూశాడు. ఒక టైరు మెత్తబడినా బండి అటు వాలుతుంది. నాలుగూ సరిగానే ఉన్నాయి. బ్లేడు తిప్పుతుంటే ఇంజను అందుకోకుండా ప్లగ్గు వైరు పీకి పక్కన పెట్టాడు. అప్పుడు బోర్లా పడుకుని బండి కడుపు కిందికి చూశాడు. అక్కడ వేలాడుతూ ఉంటుంది డెక్కు: బోర్లించిన మూకుడు లాంటి ఇనుప రేకు, దాని లోపల రెండు బ్లేడ్లు. రెండు పక్కలా రెండు కమ్మీలు దాన్ని బండికి వేలాడదీస్తాయి. కమ్మీ చివర నట్టు బిగిస్తే ఆ పక్క డెక్కు లేస్తుంది, వదులు చేస్తే దిగుతుంది. పాత బండి కనుక కమ్మీల బెజ్జాలు అరిగి, డెక్కు అటూ ఇటూ కదిలే కొద్దిపాటి ఆట వచ్చింది. ఆ ఆటను కూడా చేత్తో ఊపి చూసి, ఇది ఎప్పుడూ ఉన్నదేనని పెదవి విరిచాడు.

"ఆ చెక్కలు ఇలా ఇయ్యమ్మా," అన్నాడు.

గోడకు రెండు మేకులు. వాటికి తాడు కట్టి వేలాడదీసిన రెండు చెక్కముక్కలు. డ్రైవరు చేసినవి అవి. నున్నగా చిత్రిక పట్టి, నూనె పట్టించి, పిల్లలు ఆడుకునే బొమ్మల్లా ముద్దుగా చేశాడు. డెక్కు ఎత్తు చూడాలంటే టేపూ స్కేలూ అక్కర్లేదు. బ్లేడును అడ్డంగా తిప్పి, దాని కొన కింద చెక్క తోస్తే, గీరకుండా, సందు లేకుండా సాఫీగా జారాలి. ఎడమ మేకు మీది చెక్క ఎడమవైపు, కుడి మేకు మీది చెక్క కుడివైపు. ఆ షెడ్డులో అది మొదటినుంచీ ఉన్న పద్ధతి. ఎందుకని ఎవరూ అడగలేదు. చొక్కాకు ఏ చెయ్యి ముందు తొడుక్కుంటాం అని ఎవరైనా అడుగుతారా?

ఎడమ చెక్క జారింది. కుడి చెక్క జారింది. ఫిట్టరు రెండోసారి చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మూడోసారి చూశాడు. లేచి, మోకాళ్లు దులుపుకుంటూ ఆమె మొహం చూడలేక బ్లేడుకేసి చూస్తూ చెప్పాడు.

"వెంట్రుకవాసి తేడా లేదు చెల్లెమ్మా."

ఆమె కూడా వంగి చెక్క కేసి చూసింది. ఒకవేళ నీ కంటికి ఆనలేదేమో అని అడిగింది. తన కన్ను పొరబడితే పొరబడవచ్చు గాని, వాడు చేసిన చెక్కలు అబద్ధమాడతాయా అన్నాడు ఫిట్టరు. డ్రైవరు చేతి పనికి వంక పెట్టడం ఆ ఆవరణలో ఎవరికీ అలవాటు లేదు, అతని పెళ్లానికి అసలే లేదు.

ఫిట్టరు ఆ సాయంత్రమే సూపర్‌వైజరుకు చెప్పవలసి వచ్చింది. అబద్ధం చెబితే బండి పోతుంది, నిజం చెబితే మనిషి పోతుంది. బండి బాగానే ఉందని చెప్పి, రోజూ తాగే చోట టీ తాగకుండానే ఇంటికి పోయాడు.

*

అత్తకు చెవి మందం, నోరు చురుకు. కోడలు గుమ్మంలో కాళ్లు కడుక్కుంటున్న తీరులోనే సంగతి పోల్చుకుంది. ఎవరేమన్నారని అడిగి, అంతా గట్టిగా చెప్పించుకుని, విన్నాక కూడా వినపడలేదని మళ్లీ చెప్పించుకుంది. రెండోసారి చెప్పేటప్పుడు డ్రైవరమ్మ ఆ సామెతను దాటేసింది.

"పడ్డవాళ్లెప్పుడూ చెడ్డవాళ్లు కారే," అంది అత్త.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. తన కొడుకు పనితనం ఎత్తుకుంది. చిన్నప్పుడు పలక మీద గీత గీస్తే దారం పెట్టి గీసినట్టుండేదట. వాడు కోసిన గడ్డి మీద నీళ్లు పోస్తే ఎటూ పోకుండా నిలిచేవట. అన్నీ విన్న కథలే. ఎప్పుడూ విసుగుతో వినే డ్రైవరమ్మ ఆ పూట అన్నిటినీ ఒప్పుకుంది. అతని చెయ్యి అంతటిదే, తన చెయ్యి ఇంతే. లేకపోతే సమంగా ఉన్న డెక్కు కింద గడ్డి వంకరగా ఎందుకు తెగుతుంది? కంచంలో పెట్టుకున్నది సగం వదిలేసి, రేపు ఉతుకుడు గదిలో ఎంత ఇస్తారో, ఊరి చివర గది ఎంతకు దొరుకుతుందో అని అప్పుడే ఆలోచనలో పడింది.

అయినా మర్నాడు వెనకవైపు పచ్చిక మీద పరీక్ష పెట్టుకుంది. నెమ్మదిగా నడిపి చూసింది. జోరుగా నడిపి చూసింది. తూర్పు నుంచి పడమరకు, పడమర నుంచి తూర్పుకు. స్టీరింగు అదిమి పట్టుకుంది, వదులుగా పట్టుకుంది. ప్రతి చాలు చివరా దిగి వెనక్కి చూస్తే ఎడమ అంచున అదే బలపం మందం. బండి ఎటు తిరిగితే అటు తిరుగుతోంది ఆ ఎత్తు, పిల్లి వెనక తోకలాగా.

బెంచీ మీద ఎండ కాచుకుంటున్న ముసలి రోగి ఒకాయన ఆమెను పిలిచి, "నిన్నటికంటే ఇవాళ పాపిడి బాగా తీశావమ్మా," అన్నాడు. మెచ్చుకున్నాననే అనుకున్నాడు పాపం. ఆమె తల ఊపి, బండి ఎక్కి, షెడ్డు దాకా వచ్చేవరకు ఏడవకుండా ఉండగలిగింది.

*

ఆ మర్నాడు, శనివారం, ఫిట్టరు బాయిలరు దగ్గర ఇరుక్కుపోయాడు. వేడినీళ్లు రాక వార్డుల్లో గోలగా ఉంది. పిలిస్తే ఇప్పుడు రాలేడని తెలిసి, డ్రైవరమ్మ తనే చూద్దామనుకుంది. చూసి ఏం చేస్తుందో ఆమెకూ తెలియదు. ఊరికే కూర్చోలేక అంతే.

ఫిట్టరు చేసినట్టే చేసింది. గాలి చూసింది, ప్లగ్గు వైరు పీకింది. చెక్కల మీద గ్రీజు మరక ఉందని రెండిటినీ మేకుల మీదినుంచి తీసి, శుభ్రంగా తుడిచి బల్ల మీద పెట్టింది. చీర కుచ్చెళ్లు దోపుకుని గచ్చు మీద పక్కకు ఒరిగి పడుకుని, చేతికందిన చెక్కను ఎడమ బ్లేడు కింద తోసింది. చెక్క జారలేదు, తూలింది. పైన సందు. రెండోదాన్ని కుడి బ్లేడు కింద తోస్తే అసలు దూరలేదు. బ్లేడు కొన చెక్కను గీరి ఆగిపోయింది.

మొన్న వెంట్రుకవాసి తేడా లేనిది ఇవాళ ఇంత తేడా. నిన్న పరీక్షల పేరుతో తనే ఎక్కడో రాయికి కొట్టి డెక్కు వంచేసి ఉంటుంది. ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది అనుకుంటూ బాయిలరు గదికి పరుగెత్తింది.

ఫిట్టరు మసిచేతులతోనే వచ్చాడు. వంగి చూసి, చెక్కలు రెండూ బయటికి లాగి, ఒకదాని అడుగున ఉన్న చిన్న గాటును బొటనవేలితో తడిమాడు. "ఇది ఎడమది కదమ్మా, అటు పెట్టావేం?" అంటూ రెండిటినీ మార్చి పెట్టాడు. ఎడమది జారింది. కుడిది జారింది.

పొరపాటు దొరికిందన్న ధీమాతో లేవబోతున్న ఫిట్టరును డ్రైవరమ్మ అడిగింది.

"కొలత చెక్కల్లో ఎడమది, కుడిది వేరువేరుగా ఉంటాయా అన్నయ్యా?"

ఫిట్టరు మళ్లీ కూర్చున్నాడు. తనూ కొన్నేళ్లుగా ఆ చెక్కలు పట్టుకున్నాడు. ఒకటి బండికి అటుపక్క, ఒకటి ఇటుపక్క. రెండిటినీ ఒకచోట ఎప్పుడూ పెట్టలేదు. ఇప్పుడు గచ్చు మీద పక్కపక్కన నిలబెట్టి పైన వేలు రాశాడు. వేలు ఒకచోట తట్టుకుంది. ఎడమది ఎత్తు, కుడిది తక్కువ. తేడా బలపం మందం.

చెక్క అరిగిందేమో అన్నాడు మొదట. అరిగితే నూనె పట్టిన రంగు పోతుంది కదా అని ఆమె అంది. కుడి చెక్కను వెలుగులో పెట్టి చూశారు. దాని మీద చిత్రిక పట్టిన జాడలున్నాయి. ఒక్కసారి పట్టినవి కావు. ఒక పొర తీసి నూనె రాసి, ఆ నూనె నల్లబడ్డాక మళ్లీ ఇంకో పొర తీసినట్టు అంచున తెలుస్తోంది. పనిగట్టుకుని, ఏడాదికింత చొప్పున తగ్గించుకుంటూ వచ్చిన చెక్క అది.

ఫిట్టరు లేచి బండి సీటు మీద ఆమె వేసుకున్న మడత దుప్పటి తీశాడు. సీటు ఎడమవైపు ఇనుము తగిలేదాకా దిగిపోయింది. కుడివైపు దూది కొత్తదానిలాగే ఉబ్బుగా ఉంది. ఎక్కిన మొదటి రోజే ఇదేం సీటని విసుక్కుని ఆమే దాని మీద దుప్పటి వేసింది. ఫిట్టరు ఆ సీటును చూస్తూ, తనలో తను అనుకుంటున్నట్టు చెప్పుకుపోయాడు. వాడు బండి దిగేటప్పుడు ఎప్పుడూ ఎడమకాలే ముందు పెట్టేవాడు. టీ తాగేటప్పుడు స్టూలు మీద ఒంటి పిర్ర మీద కూర్చునేవాడు, తొందరలో ఉన్నాడనుకునేవాడిని. మొన్న శీతాకాలం ఈ గోడ పట్టుకుని కాసేపు కదలలేదు, ఏంరా అంటే తిమ్మిరి అన్నాడు.

"కుడి తుంటి చెల్లెమ్మా. ఆ పక్క బరువు ఆనించలేకపోయాడు. భారీ మనిషి, ఎడమకి ఒరిగి కూర్చుంటే అటు టైరు అణిగిపోతుంది, డెక్కు దిగిపోతుంది. అందుకని ఎడమ పక్క ముందే ఎత్తుగా ఉండేట్టు, కుడి పక్క దించుకుంటూ వచ్చాడు. వాడు కూర్చుంటే సమం. నువ్వు కూర్చుంటే వంకర. నీకెప్పుడూ చెప్పలేదా?"

ఆమె లేదన్నట్టు తల ఊపింది.

ఎందుకు చెప్పలేదో ఇద్దరికీ అర్థమవుతూనే ఉంది. ఆస్పత్రిలో డ్రైవర్లకు ఏటా ఒళ్లు పరీక్ష చేస్తారు. తుంటి పట్టేసిన మనిషిని బండి దింపి గేటు దగ్గర కూర్చోబెడతారు. అక్కడ జీతం తక్కువ, ఇల్లు లేదు. అందుకని మందు లేకుండా, మాట లేకుండా, రెండు చెక్కముక్కలతో సర్దుకున్నాడు. ఎముకల డాక్టరు గది కిటికీ కిందే వారం వారం గడ్డి కోశాడు. డ్రైవరమ్మకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్లుమండింది. చెక్కలకు చెప్పుకున్నాడు. ఒకే కప్పు కింద ఉన్న మనిషికి చెప్పలేదు.

వెంటనే పోయి సూపర్‌వైజరుకు చెబుదాం, నీ తప్పు లేదని తేలిపోతుంది అంటూ ఫిట్టరు చెక్కలు చేతిలోకి తీసుకున్నాడు. ఆమె అడ్డుపడింది. చెబితే, ఒళ్లు దాచుకుని ఆస్పత్రి కళ్లు కప్పాడంటారు. ఆయన పోయాడన్న జాలితో ఇచ్చిన పని ఇది.

"ఆయన మీద ఇంకో సామెత వద్దన్నయ్యా," అంది. "బండిని నాకు సరిచెయ్యి, చాలు."

*

ఆ పని అనుకున్నంత సులువు కాలేదు. మనిషి సీటులో ఉండగా కొలవాలి, మనిషి దిగితే గాని నట్టు అందదు. డ్రైవరమ్మ దుప్పటి తీసేసింది. ఫిట్టరు సీటులో దిగిపోయినవైపు కొత్త దూది కుక్కి, రెండు వైపులా సమంగా చేసి కుట్టాడు. ఆమె ఎక్కి కూర్చుంది. ఎటూ ఒరగకుండా, మామూలుగా కూర్చోమన్నాడు ఫిట్టరు. మామూలుగా కూర్చోమంటే మామూలుగా కూర్చోవడం ఎవరికి చేతనవుతుంది? కట్టెలా బిగుసుకుపోతే కొలత రాదని, ఇంటి సంగతులు అడుగుతూ, ఆమె జవాబు చెబుతూ ఉండగా కింద పడుకుని ఇనుప స్కేలుతో కొలిచాడు. చెక్కలు మేకుల మీదే ఉన్నాయి.

తర్వాత స్పానరు ఆమె చేతికే ఇచ్చాడు. రేపు తను లేకపోయినా ఆమె చేసుకోవాలి కదా. ఎడమ కమ్మీ మీద, నట్టు జారకుండా పట్టి ఉంచే చెక్‌నట్టు తుప్పుపట్టి రాలేదు. నూనె పోసి, కాసేపు ఆగి, సుత్తితో నెమ్మదిగా తట్టి, బలమంతా పెట్టి లాగితే కిర్రుమని కదిలింది. కొద్దిగా వదులు చెయ్యడం, ఎక్కి కూర్చోవడం, కొలవడం, దిగడం, మళ్లీ తిప్పడం. ఒకసారి ఎక్కువ దిగింది. మళ్లీ ఎత్తారు. అరిగిన బెజ్జాలలో ఉన్న ఆట వల్ల ఒకసారి వచ్చిన కొలత మళ్లీ రాలేదు. డెక్కును ఒకవైపుకు నొక్కి పట్టుకుని కొలవాలని ఫిట్టరు చూపించాడు. రెండు కొనలూ ఒకే గీత మీదికి వచ్చాక ముందూ వెనకా చూశారు. ముందు అంచు వెనకదానికంటే కాస్త దిగి ఉండాలి, అప్పుడే తెగిన గడ్డి మళ్లీ బ్లేడుకు తగలదు. మూతి కిందికి పెట్టుకుని మేసే గొడ్డులాగా అన్నాడు ఫిట్టరు. ముందు కమ్మీ ఒక్క చుట్టు తిప్పితే సరిపోయింది.

చెక్‌నట్టు బిగించేటప్పుడు ఆమె చెయ్యి ఆగింది. అతని ఒంటికి సరిపోయేలా ఉన్నది ఈ లోకంలో ఇంకేదీ మిగల్లేదు. చెప్పులు అత్త ఎవరికో ఇచ్చేసింది, చొక్కాలు గుడ్డపీలికలయ్యాయి. ఈ నట్టు ఒక్కటే అతను కూర్చున్న తీరున ఇన్నాళ్లు నిలిచి ఉంది. దాన్ని కూడా తనే, తన చేత్తోనే తిప్పేసింది. స్పానరు మీద ఒరిగి గట్టిగా బిగించింది. వదులుగా వదిలేస్తే బండి అదురుకు మళ్లీ జారుతుంది.

ఆదివారం పొద్దున్నే ముందు పచ్చిక అంతా కోసింది. మొదటి చాలు చివర దిగి వెనక్కి తిరిగి చూడటానికి భయం వేసింది. చూసింది. ఎండ ఏటవాలుగానే ఉంది, నీడలు మాత్రం లేవు. ఒక చాలు ఎక్కడ అయిపోయి రెండోది ఎక్కడ మొదలైందో కోసిన మనిషికే తెలియలేదు. సంతోషం వేసింది. అయితే అది ఎక్కువసేపు నిలవలేదు. ఇంత సాపుగా కొయ్యడానికి ఆ మనిషి ఎన్నేళ్లు పళ్ల బిగువున కూర్చున్నాడో అన్న ఆలోచన వెనకే వచ్చింది. పచ్చిక పూర్తయ్యేదాకా దిగకుండా కోస్తూనే ఉంది.

*

సోమవారం కమిటీ పెద్దలు కార్లు దిగి, మాట్లాడుకుంటూ, పచ్చిక కేసి కన్నెత్తి కూడా చూడకుండా లోపలికి పోయారు. వెళ్లేటప్పుడూ అంతే. ఒకాయన మాత్రం తాగిన కాగితపు గ్లాసు గడ్డి మీద పడేశాడు. డ్రైవరమ్మ పోయి దాన్ని తీసింది.

కార్లు పోయాక సూపర్‌వైజరు మెట్లు దిగి వచ్చాడు. ఈసారి మాలీలను పిలవలేదు. పచ్చిక మీద అటూ ఇటూ నడిచి, వంగి, అరచేత్తో గడ్డి నిమిరాడు. పక్కన ఫిట్టరు ఉన్నాడు.

"అచ్చం నీ మొగుడు కోసినట్టే ఉంది," అన్నాడు సూపర్‌వైజరు ఆమెతో. "ఏం చేశారు?"

ఫిట్టరు గొంతు సవరించుకున్నాడు. ఆమె ఆయన కేసి ఒక్క చూపు చూసింది. ఫిట్టరు సవరించుకున్న గొంతును మళ్లీ మింగేశాడు.

"సీటూ డెక్కూ నా బరువుకి సరిపెట్టుకున్నామండి," అంది ఆమె.

అంత చిన్న సంగతి మొదటి రోజే ఎందుకు చెప్పలేదని సూపర్‌వైజరు అడిగాడు. నాకు తెలియలేదండి, తెలుసుకోవలసింది నేనే అంది. ఆ జవాబు ఆయనకు నచ్చింది. తప్పు ఒప్పుకున్న మనిషిని క్షమించడంలో ఉన్న హాయి ఆయనకు బాగా తెలుసు. సరే, పనిలో ఉండు, ఇల్లు ఖాళీ చెయ్యక్కర్లేదు, కాంట్రాక్టరుకు వద్దని చెబుతాను అన్నాడు. రెండడుగులు వేసి మళ్లీ ఆగాడు.

"అయినా నీ మొగుడు ఇలాంటివన్నీ నీకు చెప్పి ఉండాల్సింది," అని వెళ్లిపోయాడు.

బండి షెడ్డులో పెట్టారు. ఫిట్టరు చిత్రిక తీసుకుని ఎడమ చెక్కను ఒళ్లో పెట్టుకున్నాడు. రెండూ సమం చేసేస్తే ఇక పొరపాటుకు తావుండదని ఆయన ఉద్దేశం. ఒక పొర తీసి, ఆమె డెక్కు కింద అంటుకున్న గడ్డి గీకకుండా అలాగే నిలబడి ఉండటం చూసి ఆపేశాడు.

"ఇల్లు నిలబడింది. వాడి పేరూ దక్కింది. ఇంకా ఎందుకమ్మా అలా ఉన్నావు?"

ఆమె తన ఇల్లు తలుచుకుంటోంది. గదిలో మంచం గోడకు ఆనించి ఉంటుంది. కుళాయి తెల్లవారకముందే వస్తుంది కనుక, ముందు లేవవలసింది తనే కనుక, ఆమె ఎప్పుడూ బయటివైపు పడుకునేది, అతను గోడవైపు. ఒకప్పుడు ఇద్దరికీ ఏదో మాటా మాటా పెరిగింది. నువ్వు ఇంటికి రావడమే దండగ అని ఆమె అనేసింది. ఆ తర్వాత కొన్నాళ్లకే అతను గోడకు మొహం పెట్టి పడుకోవడం మొదలుపెట్టాడు. రోజూ అదే వీపు. ఆ మాట మనసులో పెట్టుకున్నాడని ఆమె అనుకుంది. ఒకసారి అడుగుదామనుకుని, తనే ఎందుకు తగ్గాలని మానేసింది. కొన్నాళ్లకు తనూ అతనికి వీపు పెట్టి పడుకుంది. ఆ ఆఖరి తెల్లవారుజామున కూడా లేచి, ఆ వీపును చూసి, పిలవకుండా బిందె తీసుకుని కుళాయికి పోయింది. నీళ్లు పట్టుకుని తిరిగి వచ్చేదాకా అది చచ్చిన మనిషి వీపని ఆమెకు తెలియలేదు. ఆ కుడి తుంటితో అతను ఎడమవైపుకే ఒత్తిగిలగలడు. ఎడమవైపు గోడ ఉంది.

"నేను గోడవైపు పడుకుంటే సరిపోయేదన్నయ్యా," అంది.

ఫిట్టరుకు ఆ మాట అర్థం కాలేదు. ఏ గోడమ్మా అని అడగబోయి, ఆమె మొహం చూసి, చిత్రిక కింద పెట్టేశాడు.